మందులకు లొంగని క్రిములు – పెప్టైడ్ ఔషధములు

మన కోసిగి వంటి మెట్టప్రాంతమున చేలో కాలికి ముల్లు గుచ్చుకొన్నదని ఎవరును ఆసుపత్రికి పరుగెత్తరు. పసుపు అద్ది మరల పనిలోనికి దిగుదురు. కాని మధుమేహము గలవానికి ఆ గాయమే పుండగును. అందలి బాక్టీరియా మామూలు మందులకు లొంగనిచో కాలికే ముప్పు. 2019లో ప్రపంచమున ఇట్టి మొండి బాక్టీరియా మూలముగా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని అంచనా. వీనిపై ప్రయోగింపదగిన ఆయుధములలో పెప్టైడ్ ఒకటి.

అమైనో ఆమ్లములను పూసలవలె కూర్చిన చిన్న గొలుసే పెప్టైడ్. కప్ప చర్మమునందును, పట్టుపురుగు దేహమునందును, మన చెమటయందును క్రిములను చంపు పెప్టైడ్లు కలవు. పెక్కింటికి ధనావేశముండును. బాక్టీరియా పైపొర ఋణావేశము గలది. కావున పెప్టైడ్ దానికి అంటుకొని, తన జిడ్డు పార్శ్వమును లోనికి చొప్పించి, పొరను ఛిద్రము చేయును. పొర స్వభావమునే మార్చుకొనుట క్రిమికి సులభము కాదు; అసాధ్యమును కాదు.

అయితే చంపుట కష్టము కాదు, చంపవలసినదానినే చంపుట కష్టము. ఈ చిక్కు హైదరాబాదులో జరిగిన పరిశోధన వలన చక్కగా తెలియును. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప మిత్ర భార్గవ గార్లు ఆబోతు వీర్యద్రవమునందలి సెమినల్‌ప్లాస్మిన్ అను క్రిమినాశక ప్రోటీనును గూర్చి 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. అది 47 ఆమ్లముల గొలుసు. భార్గవ గారు నెలకొల్పిన సి.సి.ఎం.బి. సంస్థలోనే ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ గార్లు అందలి జిడ్డు భాగమునకు సరిపోవు 13 ఆమ్లముల ముక్కను కృత్రిమముగా తయారుచేసి, 1990లో ఫలితమును తెలిపిరి. ఆ ముక్క క్రిములను చంపినది; ఎర్ర రక్తకణములను సైతము పగులగొట్టినది! పూర్తి గొలుసునకు ఈ దుర్గుణము లేదు. పిదప ఆ ముక్కయందలి ఆవేశమును, నిర్మాణమును మార్చి, ఏది క్రిమిని చంపుచున్నది, ఏది రక్తమును చెరచుచున్నది అని వారు వెదకిరి.

ఈ పరీక్ష మన ఇంటర్ విద్యార్థులకును బోధపడునదే. కడిగిన రక్తకణములలో పెప్టైడు కలిపి, కొంతసేపటికి యంత్రమున గిర్రున త్రిప్పుదురు. పగలని కణములు అడుగున చేరును. పైద్రవము ఎంత ఎర్రబడిన అంత ప్రమాదము.

వేరొక చిక్కు, దేహమునందలి ఎంజైములు గొలుసును త్రుంచివేయుట. అందుకై కొందరు అద్దములో ప్రతిబింబము వంటి అమైనో ఆమ్లములను వాడుచున్నారు. కొందరు గొలుసును వలయముగా ముడివేయుచున్నారు. ఇంత చేసినను విజయము నిశ్చయము కాదు. కప్ప పెప్టైడును అనుసరించి, మధుమేహుల కాలిపుండ్లకై తయారుచేసిన పెక్సిగానన్ లేపనమునకు అమెరికా ప్రభుత్వ సంస్థ 1999లో అనుమతి నిరాకరించినది.

ఆసుపత్రులలో చివరి అస్త్రముగా వాడు కొలిస్టిన్ కూడ పెప్టైడే. మూత్రపిండములకు హానికరమైనను గత్యంతరము లేక వాడుదురు. దానిని కోళ్ల మేతలో కలుపుటను మన ప్రభుత్వము 2019లో నిషేధించినది. అది మంచి పని, ఆలస్యముగానైనను. దాని సోదరియగు పాలిమిక్సిన్-బి యొక్క కొవ్వుతోకను కత్తిరించినచో విషగుణము తగ్గును, చంపుశక్తియు పోవును. అయినను ఆ తోక లేని పెప్టైడ్ క్రిమి వెలుపలి పొరను సడలించి, అంతవరకు లోనికి పోజాలని ఇతర ఔషధములకు దారి ఇచ్చును.