గాలానికి పడ్డ పింక్ సాల్మన్: సందేహాలు - సమాధానాలు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి, ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లు రాసినవే. దాదాపు అందరూ అడిగింది పింక్ సాల్మన్ గురించి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాను.

ప్రశ్న: 2025 ఆగస్టులో వెస్ట్ సియాటిల్‌లోని లింకన్ పార్క్ ఒడ్డున జనం బారులు తీరి సాల్మన్ పడుతుంటే చూసి ముచ్చటపడ్డాం. మరుసటి ఏడాది రాడ్డు కొనుక్కుని వెళ్దామనుకుంటే, అప్పుడు పింక్‌లు ఉండవని దుకాణంలో చెప్పారు. చేపలు ఏమైపోతాయి? ఫ్లై ఫిషింగ్‌కి ఏ సామాను కావాలి?
— ఒక పాఠకుడు, రెడ్‌మండ్

జవాబు: దుకాణం అతను చెప్పింది నిజమేనండీ. పింక్ సాల్మన్ ఆయుష్షు రెండేళ్లు. నదిలో గులకరాళ్ల సందుల్లోంచి బయటపడ్డ పిల్ల ఆలస్యం చేయకుండా సముద్రానికి పోతుంది. రెండో ఏడు వేసవి చివర తిరిగొచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మిగతా సాల్మన్‌లలో కొన్ని ఒక ఏడు ముందో వెనకో వస్తాయి. దీనికి ఆ వెసులుబాటు లేదు. అందువల్ల ఒకే నదిలో పుట్టినా సరి సంవత్సరం చేపలు, బేసి సంవత్సరం చేపలు ఒకదాన్నొకటి కలవవు. అవి రెండు వేర్వేరు వంశాలు. ప్యూజెట్ సౌండ్‌లో బలమైనది బేసి సంవత్సరాల వంశం. స్నోహోమిష్ నదికి సరి సంవత్సరాల్లోనూ కొన్ని వస్తాయి గానీ, మీరు చూసిన ఆ సందడి మళ్లీ 2027లోనే. ఈలోగా సెప్టెంబరులో కోహో సాల్మన్ మీద చెయ్యి తిప్పుకోండి.

సామాను విషయానికొస్తే, తొమ్మిదడుగుల ఆరో నంబరు రాడ్డు, కొద్దిగా మునిగే ఇంటర్మీడియెట్ లైను చాలు. ఫ్లై (గాలానికి పోగులు చుట్టి చేసే ఉత్తుత్తి ఎర) చిన్నది, పింక్ రంగుది, పోగులు పల్చగా కట్టినది తీసుకోండి. ఒత్తుగా కట్టినవి దుకాణంలో బాగుంటాయి, నీళ్లలో పనికిరావు. లైను మెల్లగా, ఆగి ఆగి లాగాలి. బరువు తగిలినట్టు అనిపిస్తే రాడ్డు ఎత్తండి, అంతే. దీని నోరు మెత్తన. గట్టిగా గుంజితే చిరిగిపోతుంది. పదిహేనేళ్లు నిండినవాళ్లకు లైసెన్సు తప్పనిసరి. సాల్మన్‌కి క్యాచ్ రికార్డ్ కార్డు పిల్లలకు కూడా ఉండాలి. ఉంచుకున్న చేపను అక్కడికక్కడే అందులో రాయాలి, ఇంటికి వచ్చాక కాదు.

ప్రశ్న: పిక్నిక్ పాయింట్ బీచ్‌లో ఇద్దరి మధ్య జాగా కనిపిస్తే వెళ్లి నిలబడ్డాను. పక్కాయన విసుక్కుని దూరం జరిగాడు. కాసేపటికి ఎవరో అరిచారు, అందరూ లైన్లు చుట్టేసుకున్నారు. నేనొక్కదాన్నే వేసి ఉంచాను. నా లైను అవతలివాళ్ల చేపకు చుట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేదు కానీ మనసు చివుక్కుమంది.
— ఒక పాఠకురాలు, బోథెల్

జవాబు: అమ్మా, ఈ కట్టుబాట్లు ఎక్కడా బోర్డు మీద రాసి ఉండవు, అందుకని కొత్తవాళ్లకు తెలియవు. ఇద్దరి మధ్య ఖాళీ కనిపించినా అది ఖాళీ కాకపోవచ్చు. ఫ్లై రాడ్డుతో వేసేవాళ్లకు ముందు ఎంత జాగా కావాలో వెనక కూడా అంత కావాలి, లైను వెనక్కి పూర్తిగా చాచుకున్నాకే ముందుకు వెళ్తుంది. వరస చివర నిలబడడం మేలు. మధ్యలోకి రావాలంటే “ఇక్కడ నిలబడొచ్చా?” అని రెండు పక్కలా అడగండి. అడిగినవాళ్లను కాదనేవాళ్లు చాలా తక్కువ. ఎవరికైనా చేప పడి “ఫిష్ ఆన్” అని అరిస్తే పక్కవాళ్లు లైన్లు వెనక్కి తీసుకోవాలి. ఇది మర్యాద కోసమే అనుకోవద్దు. రెండు లైన్లు చిక్కుపడితే చేప ఒడ్డుకు రావడం ఆలస్యమై ఒంట్లో సత్తువంతా పోగొట్టుకుంటుంది. వదలాల్సిన చేప అయితే ఆ ఆలస్యమే దాని ప్రాణం తీస్తుంది.

నడుము లోతు దాకా దిగొద్దు. పింక్‌లు గుంపుగా ఒడ్డు వెంబడే పోతుంటాయి. ఒక్కరు లోతుకు దిగితే గుంపు మొత్తం పక్కకు తప్పుకుంటుంది, అందరికీ నష్టం. నదిలో పద్ధతి వేరు. పైనుంచి దిగువకు ఒక్కసారి వేసి ఒక్కడుగు జరుగుతూ పోవాలి. ఒకేచోట పాతుకుపోతే వెనకవాళ్ల దారి మూసినట్టే. సెప్టెంబరు నుంచి నదిలో నడిచేటప్పుడు అడుగున మిగతా రాళ్లకంటే తెల్లగా, కడిగినట్టు కనిపించే గులకరాళ్ల మీద కాలు పెట్టకండి. వాటి కింద గుడ్లుంటాయి.

ప్రశ్న: పింక్ సాల్మన్ ఎలాగూ కొన్ని వారాల్లో చచ్చిపోయేదే కదా. వదిలేస్తే లాభమేమిటి? మా స్నేహితుడు పది పట్టి పదీ వదిలేశానని గొప్పగా చెబుతాడు. నేను రెండు పట్టి ఇంటికి తెస్తే తప్పు చేసినవాణ్ణి చూసినట్టు చూస్తాడు.
— ఒక పాఠకుడు, ఎవరెట్

జవాబు: ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పాలి.

చచ్చిపోయేదే, కానీ గుడ్లు పెట్టాక. మీ గాలానికి పడ్డ ఆడ చేప కడుపులో సుమారు 1,500 నుంచి 2,000 గుడ్లుంటాయి. అవి గులకరాళ్ల కిందికి చేరితేనే రెండేళ్ల తర్వాత ఆ నదికి మళ్లీ చేపలు. ఆ తర్వాత చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేప కూడా వృథా పోదు. గద్దలు తింటాయి, నీటి పురుగులు తింటాయి, సముద్రం నుంచి అది మోసుకొచ్చిన నత్రజని ఒడ్డునున్న చెట్లకు అందుతుంది. కాబట్టి మీరు వదిలిన చేప ఆ కొన్ని వారాలు బతికితే చాలు, దాని పని నెరవేరుతుంది.

కానీ బతకాలి. 1992లో కెనడా శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్ చేపలను బాగా అలిసిపోయేదాకా ఈదించి, కొన్నిటిని నీళ్లలోనే ఉంచి, కొన్నిటిని కాసేపు గాలిలో ఉంచి చూశారు. నీళ్లలోనే ఉన్నవాటిలో నూటికి 12 చచ్చిపోయాయి. అర నిమిషం గాలిలో ఉన్నవాటిలో 38, నిమిషం ఉన్నవాటిలో 72. ఫొటో కోసం ఫోను వెతుక్కునే లోపే నిమిషం గడిచిపోతుంది. చేపలు వదులుతామని చెప్పుకునే మనందరం ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి.

నా మాట ఏమిటంటే, గాలం విసరకముందే తేల్చుకోండి: ఈరోజు తినడానికా, వదలడానికా? తినడానికైతే చేప అందిన మరుక్షణం చంపండి. వదలడానికైతే నీళ్లలోంచి తీయకండి. ఈ రెండూ చేపకు మర్యాదే. ఒడ్డున ఇసుక మీదికి ఈడ్చి, గిలగిల కొట్టుకుంటుంటే చుట్టూ చేరి చూసి, బరువు తూచి, ఫొటో తీసి, అప్పుడు “వదిలేద్దాంలే” అనడం మాత్రం అన్నిటికంటే చెడ్డది.

వదిలే తీరు చెబుతాను. గాలం మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లును ఇంటి దగ్గరే ప్లయరుతో నొక్కేయండి. వాషింగ్టన్ సముద్ర జలాల్లో సాల్మన్‌కి ముల్లు లేని గాలమే వాడాలని చట్టం. లీడరు (లైను చివర ఫ్లైకి కట్టే సన్న దారం) మరీ సన్నది వేసి చేపను గంటల తరబడి ఆడించడం గొప్ప కాదు, త్వరగా దగ్గరకు తెచ్చుకోండి. మోకాలి లోతులో నిలబడి, చెయ్యి తడుపుకుని, లీడరు వెంబడి చేతిని జారుస్తూ ఫ్లై దాకా రండి. ఫోర్సెప్స్‌తో గాలం వంపును పట్టుకుని, అది వచ్చిన దారినే వెనక్కి తిప్పండి. ముల్లు లేని గాలం ఒక్క మెలికకే ఊడి వస్తుంది, చేపను ముట్టుకోనక్కర్లేదు. బాగా అలిసిపోతే తోక మొదలు దగ్గర వదులుగా పట్టి, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి నిలబెట్టండి. మొప్పలు ఆడుతూ ఉంటాయి. కాసేపటికి తోక మీ చేతిలో ఒక్క తోపు తోస్తుంది, అప్పుడు వదలండి. ముందే తోసెయ్యొద్దు. సముద్రంలోంచి అప్పుడే వచ్చిన పింక్‌కి పొలుసు చాలా చిన్నది, ముట్టుకుంటే రాలిపోతుంది. మీ చేతికి వెండి రేకుల్లా అంటుకున్నాయంటే, ఆ చేప ఒంటి మీద అంతమేర కాపుదల పోయిందన్నమాట.

ఇక మీ స్నేహితుడి సంగతి. పది వదిలినవాడు ఏమీ చంపలేదనుకోవడం పొరపాటు. ఎంత జాగ్రత్తగా వదిలినా కొన్ని పోతాయి, నీళ్లు వెచ్చబడ్డ రోజుల్లో ఇంకా ఎక్కువ. పరిమితికి లోబడి రెండు చేపలు ఉంచుకుని గాలం చుట్టేసిన మీవల్ల నదికి తక్కువ నష్టం జరిగి ఉండొచ్చు. వదలడాన్ని ఉద్యమంలా నడిపిన లీ ఉల్ఫ్ 1939లోనే ఆ వాదన మొదలుపెట్టారు. ఆయన చెప్పింది కూడా మంచి చేపలు తగ్గిపోకుండా కాపాడుకోవడం గురించే, లెక్క పెంచుకోవడం గురించి కాదు.

ప్రశ్న: నాకు పడ్డది పింకో, మరొకటో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, మకిల్టియో

జవాబు: తోక చూడండి. పింక్‌కి తోక మొత్తం మీద కోడిగుడ్డు ఆకారంలో పెద్ద పెద్ద నల్ల మచ్చలుంటాయి, పొలుసు చిన్నది. కోహోకి మచ్చలు తోక పైభాగంలోనే ఉంటాయి. చమ్, సాకై చేపలకు మచ్చలుండవు. చినూక్‌కి తోకంతా మచ్చలుంటాయి గానీ అవి చిన్నవి, గుండ్రటివి. పొరపాటు పడేది పిల్ల చినూక్ దగ్గరే. ప్యూజెట్ సౌండ్ చినూక్ 1999 నుంచి అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. సందేహం ఉంటే నీళ్లలో ఉండగానే వదిలేయండి. నదుల్లోనైతే, ఉంచుకోకూడని సాల్మన్‌ను పూర్తిగా నీళ్లలోంచి పైకెత్తడమే నేరం. ఏ చోట ఏది ఉంచుకోవచ్చో ఏడాది మధ్యలో కూడా మారుతుంది. బయల్దేరే ముందు ఫిష్ వాషింగ్టన్ యాప్ చూసుకోండి.

ప్రశ్న: స్కైకోమిష్ నదిలో గాలం చేప వీపుకు గుచ్చుకుంది. ఉంచుకోవచ్చా?
— ఒక పాఠకుడు, మన్రో

జవాబు: కూడదు. నదిలో నోటి లోపల గానీ తల మీద గానీ తగిలిన చేపనే ఉంచుకోవాలి. గుంపులు దట్టంగా ఉన్నప్పుడు లైను వేగంగా గుంజితే ఒంటికి గుచ్చుకోవడం మామూలే. వరసగా రెండు మూడు అలా తగిలాయంటే చోటు మార్చండి, లేదా తేలిక ఫ్లై కట్టండి. కావాలని అలా గుంజేవాళ్లను చూసి నేర్చుకోవద్దు.

ప్రశ్న: నది పొడవునా ఆదివాసుల వలలు కనిపిస్తున్నాయి. వాళ్లు వలతో పడుతుంటే మేం ఒక్కొక్కటి వదలడంలో అర్థముందా?
— ఒక పాఠకుడు, టకోమా

జవాబు: ఈ మాట ఒడ్డున చాలాసార్లు వింటాను, విన్న ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఆ వలలు అక్కడ ఎవరి దయతోనో లేవు. 1854, 1855 ఒప్పందాల్లో ఇక్కడి తెగలు తమ భూమిని వదులుకుంటూ, తమకు అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కును మాత్రం అట్టిపెట్టుకున్నాయి. తర్వాత దశాబ్దాల తరబడి ఆ హక్కు వాడుకున్నందుకే వాళ్లను అరెస్టు చేశారు. నిస్‌క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ మొదటిసారి అరెస్టయినప్పుడు వయసు 14. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ పట్టదగిన చేపల్లో సగం ఆ తెగలదని తీర్పిచ్చారు. 1979లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ప్రధానంగా నిలబెట్టింది. వాళ్ల సగంలో వాళ్లు పడుతున్నారు. మీరు వదిలేది మన సగంలోంచి. ఇక్కడి హ్యాచరీల్లో చాలావాటిని నడిపేది, పాడైన వాగుల్ని బాగుచేసేది కూడా ఆ తెగలే.

ప్రశ్న: తినే ఉద్దేశం లేకుండా గాలం గుచ్చి వదలడం హింస కాదా? ఆకలి కోసం చంపడమే నయం కదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరడిగింది న్యాయమైన ప్రశ్న. స్విట్జర్లాండ్‌లో మొదటి నుంచీ వదిలే ఉద్దేశంతోనే చేపలు పట్టడాన్ని 2009 నుంచి నిషేధించారు. అమెరికాలో వదలడమే మర్యాద అనుకునేవాళ్లు ఎక్కువ. నేను వీటి మధ్య ఉన్నాను. వాషింగ్టన్‌లో కొన్ని జాతులను వదలక తప్పదు, చట్టమే ఒప్పుకోదు. ఆ నీళ్లలో గాలం వేశామంటే వదిలే విద్య నేర్చుకుని తీరాలి. కేవలం సరదాకి, రోజంతా, చేప మీద చేప పట్టి వదలడాన్ని మాత్రం నేను సమర్థించను. కాసిని పట్టాక రాడ్డు పక్కనపెట్టి గుంపులు ఎగరడం చూస్తూ కూర్చోవడం ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: ఇక్కడ ఉత్తర నార్వేలో పింక్ పడితే వదలొద్దు, చంపాలి అంటున్నారు. ఇదేం పద్ధతి?
— ఒక విద్యార్థి, ట్రోమ్సో

జవాబు: బాబూ, వాళ్లు చెప్పినట్టే చెయ్యి. పింక్ అక్కడి చేప కాదు. పసిఫిక్ నుంచి గుడ్లు తెచ్చి 1950ల చివర నుంచి సోవియట్ ప్రభుత్వం తెల్లసముద్రం వైపు నదుల్లో వదిలింది. అక్కడి నుంచి పాకి, 2017 నుంచి బేసి సంవత్సరాల్లో నార్వే నదుల్లోకి పెద్ద సంఖ్యలో వస్తోంది. అక్కడి అట్లాంటిక్ సాల్మన్‌కి అది ముప్పు. సియాటిల్‌లో వదలడం మర్యాదైతే నీ దగ్గర ఉంచుకోవడమే మర్యాద. చంపి పారెయ్యకు, వండుకో.

ప్రశ్న: పింక్ సాల్మన్ రుచి ఉండదంటారు. మేం గోదావరి జిల్లా వాళ్లం. పులుసుకు పనికొస్తుందా?
— ఒక పాఠకురాలు, సమామిష్

జవాబు: శుభ్రంగా పనికొస్తుందమ్మా, కానీ రుచి నిలిచేదీ పోయేదీ ఒడ్డునే. సముద్రం ఒడ్డున వెండిలా మెరుస్తూ దొరికినదాన్ని ఉంచుకోండి. మగవాటికి మూపురం లేచి, ఒళ్లు పచ్చగా తిరిగి, నదిలో పైదాకా వెళ్లాక మాంసం పాలిపోయి మెత్తబడుతుంది, అలాంటివి వదిలేయండి. పట్టగానే కళ్లకు పైన తల మీద చిన్న కర్రతో గట్టిగా ఒక్క దెబ్బ వేసి, మొప్పల దగ్గర కోసి, తల కిందుగా నీళ్లలో ఉంచి నెత్తురు పోనివ్వండి. వెంటనే పొట్ట తీసి ఐసులో పెట్టండి. పింక్ మాంసం మిగతా సాల్మన్‌ల కంటే త్వరగా చెడుతుంది. ఎండలో గంట పడేసి తెచ్చి చేపను నిందించడం న్యాయం కాదు.

మీ ఊళ్లో వరదనీటికి ఎదురొచ్చే పులసకున్నంత కొవ్వు దీనికి ఉండదు. అందుకని పులసలా సన్నని సెగ మీద గంటల తరబడి పెడితే పొడిపొడిగా విడిపోతుంది. చింతపండు పులుసు, ఉల్లిపాయ, మెంతులు ముందే బాగా మరగనిచ్చి చిక్కబడ్డాక, లావుపాటి ముక్కలు చివర్లో వేయండి. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని కుదపండి. ఏడెనిమిది నిమిషాల్లో దించేయొచ్చు. ఆడ చేపలో జన ఉంటే పులుసులో వేయకుండా విడిగా పసుపు, కారం, ఉప్పు పట్టించి వేయించుకోండి.