ఆటోమేటిక్ వాచ్‌కి వైండర్ కొనాలా? నాన్న హెచ్ఎంటీతో నాకు తెలిసొచ్చింది ఇదీ

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్‌ల కోసం తిరిగిన రోజుల్లో నా చేతికి వాచే లేదు. టైం కావాలంటే ఫోన్ ఉంది కదా! జాబ్ వచ్చాక ఫస్ట్ బోనస్‌తో సీకో 5 స్పోర్ట్స్ కొన్నా. పండక్కి ఇంటికెళ్తే నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బీరువాలోంచి తన పాత హెచ్ఎంటీ కాంచన్ తీసి నా చేతిలో పెట్టారు. "ఇదీ బ్యాటరీ లేనిదేరా, నువ్వే వాడుకో" అన్నారు.

అలా రెండు ఆటోమేటిక్ వాచ్‌లయ్యాయి. చెయ్యి మాత్రం ఒకటే. ఒకటి పెట్టుకుంటే రెండోది ఆగిపోతుంది. యూట్యూబ్ వీడియోలు నాలుగు చూసి, ఆన్‌లైన్‌లో 4,500 పెట్టి ఒక వైండర్ ఆర్డర్ చేశా. ఆ డబ్బు ఎందుకు దండగైందో, ఎవరికైతే దండగ కాదో చెప్పడానికే ఈ ఆర్టికల్.

ముందు బేసిక్స్. ఆటోమేటిక్ వాచ్ లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది, దాన్ని రోటర్ అంటారు. మన చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి మెయిన్‌స్ప్రింగ్‌ని చుడుతుంది. ఆ స్ప్రింగ్ మెల్లగా విప్పుకుంటూ వాచ్‌ని నడిపిస్తుంది. ఫుల్‌గా చుట్టి పక్కన పెడితే ఎన్ని గంటలు నడుస్తుందో అదే పవర్ రిజర్వ్. ఫోన్‌కి బ్యాటరీ బ్యాకప్ లాంటిది అన్నమాట. వైండర్ చేసేది కూడా సింపుల్: మోటర్‌తో వాచ్‌ని గుండ్రంగా తిప్పి, అది ఇంకా మన చేతికే ఉందన్న భ్రమ కలిగిస్తుంది.

నా సీకోలో ఉన్న 4ఆర్36 మూవ్‌మెంట్ పవర్ రిజర్వ్ దాదాపు 41 గంటలు. శుక్రవారం సాయంత్రం 6కి తీసి టేబుల్ మీద పెడితే ఆదివారం ఉదయం 11కల్లా ఆగిపోతుంది. సోమవారం ఆఫీస్‌కి బయల్దేరేటప్పుడు టైం, డేట్, వారం సెట్ చేసుకోవాలి. అదే టిస్సో పీఆర్ఎక్స్‌లో ఉండే పవర్‌మేటిక్ 80 అయితే 80 గంటలు వస్తుంది. అంటే వీకెండ్ దాటి మంగళవారం తెల్లవారుజాము 2 వరకు ఆగదు. అలాంటి వాచ్ ఒక్కటే ఉండి, వారమంతా పెట్టుకునేవాళ్లకి వైండర్ గురించి ఆలోచించే పనే లేదు.

ఇంకో మాట, మన ఇళ్లలో ఇది చాలా కామన్. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచ్‌ల తయారీ మొదలుపెట్టింది. ఆ కంపెనీ వాచ్‌లు ఇప్పటికీ చాలా బీరువాల్లో ఉన్నాయి. కానీ జనతా, పైలట్ లాంటి మోడల్స్ ఆటోమేటిక్ కావు, రోజూ కీ ఇవ్వాల్సినవి. వాటిని వైండర్‌లో ఎంతసేపు తిప్పినా ఏమీ జరగదు. కొనే ముందు మీ తాతగారి వాచ్ ఏ రకమో చూసుకోండి!

సరే, నా కథకి వద్దాం. వైండర్‌ని ఎస్సార్ నగర్ రూంలో, మంచం పక్కన పెట్టా. మొదటి రాత్రే మా రూమ్మేట్ లేచి "ఏంట్రా ఈ ఎలక శబ్దం?" అన్నాడు. మోటర్ సౌండ్ అది. చుట్టూ టవల్ కప్పి మేనేజ్ చేశాం. సీకో నా చేతికి, కాంచన్ వైండర్‌కి. దాదాపు నాలుగు నెలలు అలాగే తిరిగింది. ఎప్పుడు చూసినా కరెక్ట్ టైం చూపిస్తుంటే భలే తృప్తిగా ఉండేది. తర్వాత రోజుకి మూడు, నాలుగు నిమిషాలు వెనకబడటం మొదలైంది. ఒకరోజు చేతిలోకి తీసుకుని ఊపితే లోపల గరగరమంది.

మెట్రోలో రెండు స్టేషన్లే కదా అని పంజాగుట్టలో వాచ్‌లు రిపేర్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "లాస్ట్ సర్వీస్ ఎప్పుడు బాబూ?" నాన్నకి ఫోన్ చేస్తే "నీ టెన్త్ అప్పుడు అనుకుంటారా" అన్నారు. అంటే పదేళ్ల పైమాటే. పెద్దాయన మూత లోపలివైపు చూపించారు. రోటర్ రాసుకుని నెలవంకలా గీత పడింది. ఆయిల్ ఉండాల్సిన చోట నల్లగా గట్టిపడిన మడ్డి ఉంది.

"ఆయిల్ లేని బండిని నాలుగు నెలలు న్యూట్రల్‌లో ఆన్ చేసి వదిలేశావ్" అన్నారాయన.

రూంకి వచ్చి లెక్క వేశా. 21,600 బీట్ రేట్ ఉన్న మూవ్‌మెంట్ సెకనుకి 6 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకి 5,18,400. ఆ లెక్కన 120 రోజులకి 6 కోట్ల పైనే. వైండర్‌ని రోజుకి 650 తిప్పుళ్లకి పెట్టా కాబట్టి అవి ఇంకో 78,000. వాచ్ చేతికి పెట్టుకున్నా అరుగుతుంది, నిజమే. కానీ అప్పుడు కనీసం నేను టైం చూసుకునేవాణ్ని. ఇక్కడ టవల్ కింద, ఎవరూ చూడకుండా అరిగింది.

వైండర్ అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: వాచ్ ఆగిపోతే లోపల ఆయిల్ గడ్డకడుతుంది, నడుస్తూ ఉంటేనే ఆరోగ్యం అని. పాతకాలం ఆయిల్స్‌తో ఆ భయానికి కొంత అర్థం ఉండేది. ఇప్పుడు వాడే సింథటిక్ ఆయిల్స్ వాచ్ ఆగినంత మాత్రాన గడ్డకట్టవు. ఆయిల్‌కి వయసు మీద పడటం వాచ్ నడిచినా, ఆగినా జరిగేదే. దానికి మందు వైండర్ కాదు, సర్వీస్.

దీనికి ఆపోజిట్ భయం కూడా ఉంది, వైండర్‌లో ఎక్కువగా చుట్టుకుని స్ప్రింగ్ తెగుతుందని. అదీ కాదు. ఆటోమేటిక్స్‌లో స్ప్రింగ్ చివర డబ్బా గోడని పట్టుకుని ఉంటుంది, ఫుల్ అవ్వగానే జారిపోతుంది. తెగదు, కాకపోతే ఆ జారుడు కూడా ఒక అరుగుదలే.

మరి వైండర్ ఎవరికి కావాలి? పర్పెచువల్ క్యాలెండర్ ఉన్నవాళ్లకి. ఆ వాచ్‌లు నెలకి 30 రోజులా 31ఆ, లీప్ ఇయర్ అవునా కాదా అన్నీ లోపలే గుర్తుపెట్టుకుంటాయి. ఆగిపోతే మళ్లీ సెట్ చేయడం పెద్ద తలనొప్పి. మూన్‌ఫేజ్‌ది కూడా కొంతవరకు ఇదే కథ. రోజుకో వాచ్ మారుస్తూ, అన్నిటికీ టైంకి సర్వీస్ చేయించేవాళ్లు సౌకర్యం కోసం కొనుక్కోవచ్చు, తప్పేం లేదు. 15 వేల వాచ్‌కి 5 వేల వైండర్ మాత్రం నాకు లెక్క కుదరలేదు.

అయినా కొంటానంటే రెండు సెట్టింగ్స్ తప్పకుండా ఉండాలి. ఒకటి టీపీడీ, అంటే రోజుకి ఎన్ని తిప్పుళ్లు. 650తో మొదలుపెట్టండి, వాచ్ ఆగిపోతుంటేనే 800కి పెంచండి. రెండోది దిశ. సీకో మ్యాజిక్ లివర్ ఎటు తిరిగినా చుడుతుంది. మియోటా 8215 లాంటివి ఒకవైపు తిరిగితేనే చుడతాయి, రెండోవైపు రోటర్ ఊరికే తిరుగుతుంది. దిశ మార్చే ఆప్షన్ లేని చీప్ వైండర్‌లో అలాంటి వాచ్ పెడితే రోజంతా తిరిగినా ఆగిపోవచ్చు. ఆగి ఆగి తిరిగే మోటరే తీసుకోండి, నాన్‌స్టాప్‌గా తిరిగేది వద్దు.

వైండర్ లేకపోతే ఏం చేయాలి? క్రౌన్‌ని 20, 30 సార్లు మెల్లగా తిప్పండి, చాలు. పాత సీకో 5ల్లో ఉండే 7ఎస్26కి ఆ సౌకర్యం లేదు, అర నిమిషం పక్కలకి ఊపి చేతికి పెట్టుకోవడమే. డేట్ మార్చే ముందు ముళ్లని 6 దగ్గరికి తీసుకురండి. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 మధ్య టైం ఉన్నప్పుడు డేట్ సెట్ చేస్తే లోపలి పళ్లు విరిగే ప్రమాదం ఉంది. మొత్తం పని రెండు నిమిషాలు కూడా పట్టదు.

కాంచన్ సర్వీస్‌కి 1,800 అయ్యింది. రోటర్ సరిచేసి, కడిగి, ఆయిల్ వేసి ఇచ్చారు. మూత లోపలి గీతని మాత్రం అలాగే వదిలేయమన్నా. ఇప్పుడు వారమంతా ఆగే ఉంటుంది. ఆదివారం మాత్రం దాన్ని పెట్టుకుని నాన్నకి వీడియో కాల్ చేస్తా. ఆయన నా మొహం కన్నా ముందు చెయ్యి చూస్తారు. వైండర్‌ని అమ్మకానికి పెట్టి నెల దాటింది, ఇంకా ఎవరూ అడగలేదు.