పాఠం చెప్పేముందు ప్రశ్న అడగండి

స్త్రీల కూటములలోను, సండేస్కూలులోను, వాడలలోను ఆరోగ్య పాఠాలు చెప్పేవారు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు. బొమ్మల చార్టులు, కరపత్రాలు తయారుచేసేవారూ ఉన్నారు. చెప్పినదంతా విని తలూపిన తల్లి, ఇంట్లో బిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఆ పాఠాన్ని వాడుతుందా? ఈ సంగతి ఆమెను అడిగితే తప్ప మనకు తెలియదు. దీనికి మంచి ఉదాహరణ బంగ్లాదేశ్‌లో ఉంది.

బ్రాక్ సంస్థ నేర్చుకున్నది

బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980లో ఇంటింటికీ వెళ్ళి తల్లులకు ఉప్పు, బెల్లం కలిపిన నీళ్ళు తయారుచేయడం నేర్పే పని మొదలుపెట్టింది. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, సుమారు అర లీటరు నీళ్ళు, ఇదే కొలత. 1990 నాటికి ఒక కోటి ఇరవై లక్షల ఇళ్ళకు ఈ పాఠం చేరింది.

పాఠం చెప్పిన కొన్ని వారాల తరువాత వేరే కార్యకర్తలు వెళ్ళి కొందరు తల్లులను ప్రశ్నించేవారు. గుర్తున్న అంశాలు ఎన్ని? నీళ్ళు కలిపి చూపించగలరా? తల్లికి ఎంత గుర్తుంటే నేర్పిన ఆమెకు అంత జీతం. మొదట పది అంశాలుగా ఉన్న పాఠాన్ని తరువాత ఏడుకు కుదించారు.

అయితే తల్లులకు పాఠం బాగానే గుర్తున్నా, వాడేవారు తక్కువగా ఉన్నారు. కారణం ప్రశ్నాపత్రంలో దొరకలేదు. తీరికగా కూర్చుని మాట్లాడినప్పుడే బయటపడింది. అక్కడి తల్లులు విరేచనాలను నాలుగు రకాలుగా చెప్పుకుంటారు: పాలు తాగే బిడ్డకు అయ్యేవి, అజీర్తి వలన అయ్యేవి, జిగటగా పడేవి, కలరాలాగా నీళ్ళలా పోయేవి. కార్యకర్తలు వాడిన "డయేరియా" అన్న మాటకు వారి అర్థం చివరి రకం ఒక్కటే. కనుక మిగిలిన వాటికి ఈ నీళ్ళు పట్టించలేదు. మగవారికి ఈ సంగతి చెప్పకపోవడం మరొక కారణం. నేర్పేవారిలోనే కొందరికి దీనిపై నమ్మకం లేదని కూడా తెలిసింది.

దానితో పాఠం మారింది. తల్లులు వాడే పేర్లనే పాఠంలోకి తెచ్చారు. బజారులలో, మసీదులలో మగవారితోను మాట్లాడారు. నేర్పే స్త్రీ తాను కలిపిన నీళ్ళను తల్లి ఎదుటే తాగి చూపించేది.

ప్రశ్నాపత్రం, ముఖాముఖి: రెండూ కావాలి

ఎంతమందికి తెలుసు, ఎంతమంది చేస్తున్నారు అన్నది ప్రశ్నాపత్రం చెబుతుంది. ఎందుకు చేయడం లేదన్నది ముఖాముఖి మాటలలో తెలుస్తుంది. మన ఇళ్ళలోనూ "పళ్ళు వస్తున్నాయి, అందుకే విరేచనాలు" అని ఊరుకునే తల్లులున్నారు. అటువంటి తల్లికి "విరేచనాలు జబ్బు" అని ఎంత చెప్పినా, ఆ మాట తన బిడ్డకు వర్తించదనే అనుకుంటుంది.

అడిగే విధానం

1. జవాబు మనమే అందించకూడదు. "ఓఆర్‌ఎస్ మంచిదే కదమ్మా?" అంటే ఆసుపత్రివారిని చూసి అందరూ "అవునండీ" అంటారు. "పోయినసారి బిడ్డకు విరేచనాలు అయినప్పుడు మొట్టమొదట ఏమి చేశారమ్మా?" అని అడగండి.

2. చేసి చూపించమనండి. పెద్ద పాకెట్టును ఒక లీటరు నీళ్ళలో కలపాలి. ఒక గ్లాసులోనే పాకెట్టంతా పోస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. నీళ్ళు ఎక్కువైతే మందు పలచబడిపోతుంది. ఆ ఇంట్లో లీటరు కొలిచే పాత్ర ఏదో చూసి, దాని బొమ్మనే చార్టులో వేయండి.

3. అత్తగారిని, భర్తను కూడా అడగండి. బిడ్డకు ఏమి పట్టించాలో చాలా ఇళ్ళలో నిర్ణయించేది వారే.

4. వారు చెప్పిన మాటలను వారి మాటలలోనే రాసుకోండి. తప్పు చెప్పినా మందలించవద్దు. ఇష్టం లేనివారిని బలవంతపెట్టవద్దు. ఒక ఇంటి సంగతి మరొక ఇంట్లో చెప్పవద్దు.

5. చార్టు అచ్చువేయక ముందే అయిదారుగురికి చూపించి "ఇందులో ఏమి కనబడుతున్నది?" అని అడగండి. వారు మరొకటి చెబితే మార్చవలసింది బొమ్మనే.

పాఠంలో తప్పక ఉండవలసినవి

ఏ పేరుతో పిలిచినా, విరేచనాలు పలచగా ఎక్కువసార్లు అయితే వెంటనే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, 24 గంటలలోగా వాడాలి. తల్లిపాలు, మామూలు ఆహారం ఆపకూడదు. డాక్టరు చెప్పిన ప్రకారం జింకు మాత్రలు 10 నుండి 14 రోజులు ఇవ్వాలి. కళ్ళు లోతుకు పోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురావాలి.

ఈసారి కూటములో పాఠం చెప్పబోయేవారు ముందుగా నాలుగైదు ఇళ్ళకు వెళ్ళి, పై ప్రశ్నలు అడిగి, ఆ తల్లులు చెప్పిన మాటలతోనే పాఠం మొదలుపెట్టవలసిందిగా కోరుచున్నాము.