మెదడు కబురు రక్తంలో తెలుస్తుందా?

మా తిరువూరులో మతిమరుపుతో నా వద్దకు వచ్చేవారు తరచుగా కోరేది సరస్వతీ లేహ్యం. కొంతకాలం క్రితం ఒక కోడలు, డెబ్బై ఏళ్ళు దాటిన తన మామగారిని తీసుకువచ్చి, “డాక్టరు గారూ, మామయ్యగారు మనుమల పేర్లు కూడా మరచిపోతున్నారు” అన్నది. వయోధర్మమని తలచి పది రోజులకు లేహ్యం ఇచ్చి పంపాను.

తిరిగి వచ్చేసరికి ఆయన ఎడమకాలు ఈడుస్తూ నడుస్తున్నారు. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను: “ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?” నెలన్నర క్రితం మామిడితోటలో జారిపడగా మోటారు గది గడప తలకు తగిలిందట. రక్తం కారలేదు కనుక ఎవరూ పట్టించుకోలేదు. వెంటనే విజయవాడ పంపాను. పుర్రెకు, మెదడుకు నడుమ రక్తం చేరినట్లు స్కానింగులో తేలింది. శస్త్రచికిత్స తరువాత ఆయన కోలుకున్నారు. ఆ పది రోజుల ఆలస్యం నాది.

రక్తం చెప్పే సంగతులు

మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు వాటిలోని కొన్ని మాంసకృత్తులు రక్తంలోకి చేరుతాయి. వీటినే జీవసూచికలు అంటారు.

జి.ఎఫ్.ఎ.పి., యు.సి.హెచ్.-ఎల్1: తలకు దెబ్బ తగిలిన కొద్ది గంటలలోనే ఇవి రక్తంలో పెరుగుతాయి. వీటిని కొలిచే పరీక్షను అమెరికా ప్రభుత్వం 2018లో అనుమతించింది. స్కానింగు అవసరమా, కాదా అని నిర్ణయించడానికి ఇది తోడ్పడుతుంది. వారాల నాటి దెబ్బకు మాత్రం స్కానింగే శరణ్యం.

న్యూరోఫిలమెంట్ లైట్: నరాల తంతువులు దెబ్బతింటే పెరుగుతుంది. నష్టం జరిగిందని చెబుతుంది గాని, ఏ వ్యాధి వల్లనో చెప్పలేదు.

పి-టౌ 217: అల్జీమర్స్ వ్యాధిలో పెరుగుతుంది. దీనిని, అమిలాయిడ్‌ను కలిపి చూసే రక్తపరీక్షకు 2025లో అమెరికాలో అనుమతి లభించింది. అది 55 ఏళ్ళు నిండి, లక్షణాలు కనిపించినవారికే. ఆరోగ్యవంతులు ముందుజాగ్రత్తగా చేయించుకోదగినది కాదు.

ఇంట్లో పాటించవలసినవి

మతిమరుపు కనిపిస్తే ముందుగా బి12 విటమిను, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఈ లోపాల వల్ల కలిగే మతిమరుపు సకాలంలో చికిత్స చేస్తే చాలావరకు తగ్గుతుంది.

పెద్దలు పడినప్పుడు ఆ తేదీని క్యాలెండరుపై వ్రాసి ఉంచండి. తరువాతి రెండు మూడు నెలలలో తలనొప్పి, మగత, తడబాటు, నడకలో తేడా కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

చరక సంహిత చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలలో మండూకపర్ణి, అంటే మన సరస్వతి ఆకు, మొదటిది. దానిపై నాకు గౌరవం తగ్గలేదు. పచ్చడిగానో, పప్పులోనో నిరభ్యంతరంగా తినవచ్చు. అయితే పుర్రెలో చేరిన రక్తాన్ని ఏ ఆకూ తీయలేదు. అందుకే ఇప్పుడు లేహ్యం సీసా అందుకునే ముందు, “ఎప్పుడైనా పడ్డారా?” అని అడుగుతున్నాను. మీరూ మీ ఇంటి పెద్దలను అడగండి.