పట్టు రీలింగ్ కార్మికుల పని విశ్లేషణ: పద్ధతి ఎంపిక

అగళి, రొళ్ళ, అమరాపురం మండలాల మల్బరీ రైతు తన పట్టుగూళ్ళను హిందూపురం మార్కెట్టులో అమ్మిన తరువాత ఆ గూళ్ళ సంగతి విస్తరణ శాస్త్రవేత్తల దృష్టికి సాధారణంగా రాదు. మల్బరీ రకాలు, చాకీ పెంపకం, పురుగుల వ్యాధులు, చంద్రికల నిర్వహణ వరకే మన అధ్యయనాలు ఎక్కువగా సాగుతాయి. గూటి నుండి దారం తీసే రీలింగ్ కార్మికుని పనిని నమోదు చేసే ప్రయత్నం తక్కువ. అయితే పెంపకంలో జరిగిన ప్రతి లోపమూ చివరకు బయటపడేది ఆ కార్మికుని వేళ్ళ మధ్యనే. ఆ పనిని శాస్త్రీయంగా విశ్లేషించడానికి ఏ పద్ధతిని ఎన్నుకోవాలన్నదే ఇక్కడి చర్చనీయాంశం.

ఒక పనిలో ఏమేమి చేస్తారు, ఎందుకు చేస్తారు, ఎట్టి పరిస్థితులలో చేస్తారు, చేయడానికి ఎట్టి జ్ఞానమూ నైపుణ్యమూ శారీరక శక్తీ కావాలి అన్న విషయాలను క్రమపద్ధతిలో సేకరించి రాయడమే పని విశ్లేషణ. శిక్షణ పాఠ్యాంశాలు, కూలి శ్రేణి, భద్రతా ఏర్పాట్లు, యంత్రాల ఎంపిక దానిపై ఆధారపడతాయి. కనీస వేతనాల నిర్ణయంలో కార్మికులను నైపుణ్యం గలవారు, కొంత నైపుణ్యం గలవారు, నైపుణ్యం లేనివారు అని విభజించడం పరిపాటి. హాజరు పుస్తకంలో ‘హెల్పర్’ అని రాసిన కార్మికురాలు వాస్తవంగా గూళ్ళను ఏరడం, ఉడికిన గూటి కొసలు పట్టడం, తెగిన దారాన్ని ముడివేయడం చేస్తున్నట్లయితే, ఆమె ఏ శ్రేణికి చెందుతుందో తేల్చగల ఆధారం పని విశ్లేషణ ఒక్కటే. కనుక పద్ధతి తప్పితే నష్టం కాగితానికి కాదు, ఆమె కూలికి.

పద్ధతిని ఎన్నుకొనే ముందు పని స్వభావాన్ని కొంత వివరంగా తెలుసుకోవాలి. వేడి గాలితో గాని, ఆవిరితో గాని ప్యూపాను చంపి ఆరబెట్టిన గూళ్ళను మొదట ఏరుతారు. జంట గూళ్ళు, మరక గూళ్ళు, పలుచని గూళ్ళు పక్కకు పోతాయి. మిగిలినవాటిని ఉడికించి, పైపొరను బ్రష్‌తో కదిలించి అసలు కొసను పట్టుకొంటారు. మల్టీ ఎండ్ బేసిన్‌లో ఒక్కొక్క కార్మికుని ముందు సాధారణంగా 10 కొసలు నడుస్తుంటాయి. 20 - 22 డెనియర్ల దారం కావాలంటే ఒక్కొక్క కొసకు సుమారు 7 నుండి 9 గూళ్ళ పోగులు కలవాలి. ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. గూటి పోగు మొదట మందంగా ఉండి, లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి గూళ్ళ సంఖ్యను లెక్కపెట్టినంత మాత్రాన దారం మందం సమంగా రాదు. ఏ గూడు సగానికి వచ్చినదో, ఏది అడుగంటినదో కంటితో గ్రహించి, సరియైన క్షణంలో కొత్త గూటి కొసను తగిలించాలి. పది కొసల వద్దా ఈ నిర్ణయం ఏకకాలంలో, ఆగకుండా జరుగుతుంది.

ఇంతటి పనిని ప్రశ్నావళితో తెలుసుకోవచ్చునని అనుకోవడం మన విద్యార్థులలో తరచుగా కనిపించే ధోరణి. ప్రశ్నావళి సులభం, చౌక, పట్టికలకు అనుకూలం. సిద్ధాంత గ్రంథం గడువు దగ్గరపడినప్పుడు దాని ఆకర్షణ మరీ పెరుగుతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెకార్మిక్, ఆయన సహచరులు రూపొందించి 1972లో వివరించిన ‘పొజిషన్ అనాలిసిస్ క్వశ్చనేర్’ ఈ కోవలో ప్రసిద్ధమైనది. 187 పని అంశాలతో భిన్న వృత్తులను ఒకే కొలబద్దపై పోల్చవచ్చును. కాని దాని భాష చదువుకొన్న విశ్లేషకునికి ఉద్దేశించినది, బేసిన్ వద్ద కూర్చున్నవారికి కాదు. అంతకంటె ముఖ్యంగా, చేతి నైపుణ్యం మాటలలో ఇమడదు. “కొత్త గూడు ఎప్పుడు తగిలిస్తారు?” అని అడిగితే “అవసరమైనప్పుడు” అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాదు. విశ్లేషణకు మాత్రం పనికిరాదు.

మల్టీ ఎండ్ బేసిన్ పనికి ప్రత్యక్ష పరిశీలనే పునాది కావాలి. ఒక బేసిన్‌లో గూళ్ళు పోసినది మొదలు అవి అయిపోయేవరకు పూర్తి చక్రాన్ని చూడాలి. ఉదయం, మధ్యాహ్నం, పని ముగిసే వేళ వేర్వేరుగా చూడాలి. సంకర జాతి గూళ్ళు, ద్విసంతాన గూళ్ళు నడిచే రోజులు రెండూ పరిశీలనలో ఉండాలి. ద్విసంతాన గూటిలో పోగు పొడవు ఎక్కువ. అందువలన కొత్త గూడు తగిలించే అవసరం తగ్గి, పని లయ మారుతుంది. ఒక్క రోజు చూసి రాసిన నివేదిక ఆ రోజు గూటికే చెల్లుతుంది. ఇంటర్వ్యూ పరిశీలన తరువాత రావాలి. “ఇందాక మూడవ కొస వద్ద రెండు గూళ్ళు ఒకేసారి ఎందుకు తగిలించారమ్మా?” అని చూసిన విషయాన్ని పట్టుకొని అడిగినప్పుడు చెప్పగలిగే సమాధానం, విడిగా అడిగిన ప్రశ్నకు రాదు. సరిహద్దు ప్రాంతం కనుక తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ మూడూ వినిపిస్తాయి. పనిముట్లకూ లోపాలకూ కార్మికులు వాడే పేర్లను యథాతథంగా రాసుకొని, తరువాతే శాస్త్రీయ పదాలతో జోడించాలి.

విశ్లేషకుడే పని చేసి చూడాలన్న పద్ధతి చిట్టాలు కట్టడం, గూళ్ళు ఏరడం వంటి పనులకు బాగా ఉపకరిస్తుంది. వేడి నీటి బేసిన్ వద్ద దానిని సిఫారసు చేయజాలము. అలవాటు లేని చేతికి ప్రమాదం, యజమానికి పట్టు నష్టం.

కాల పరిశీలన విషయంలో జాగ్రత్త అవసరం. తీసిన దారం బరువును బట్టి కూలి కట్టే చోట స్టాప్‌వాచ్ కనిపించగానే వేగం మారుతుంది. కూలి రేటు తగ్గుతుందేమోనన్న అనుమానం సహజమే. అటువంటి చోట పని నమూనా పద్ధతి మేలు. 1930 దశకంలో బ్రిటన్ నూలు మిల్లులలో టిప్పెట్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి వస్త్ర పరిశ్రమలోనే పుట్టినది. ముందుగా నిర్ణయించుకొన్న యాదృచ్ఛిక సమయాలలో చూసి, ఆ క్షణాన కార్మికుడు ఏమి చేస్తున్నాడో మాత్రమే గుర్తించుకొంటారు. తెగిన కొసలను ముడివేయడానికి పని కాలంలో సుమారు 20 శాతం పోతుందని తొలి అంచనా అనుకొందాము. 95 శాతం విశ్వసనీయతతో, 5 శాతం పాయింట్ల లోపు తేడాతో దానిని నిర్ధారించడానికి 0.20ని 0.80తో, ఆ ఫలితాన్ని 3.84తో గుణించి 0.0025తో భాగించాలి. దాదాపు 246 పరిశీలనలు కావాలి. పది మంది కార్మికులు గల యూనిట్‌లో రోజుకు ఐదు విడతలు తిరిగితే ఐదు రోజులలో అవి పూర్తవుతాయి. అయితే ఒకే విడతలో కనిపించే పది మంది పరిస్థితి పరస్పరం ముడిపడి ఉండవచ్చును. ఆవిరి తగ్గితే అందరి కొసలూ తెగుతాయి. కనుక మరికొన్ని రోజులు చూడటం శ్రేయస్కరం.

ఆటోమేటిక్ రీలింగ్ యంత్రం వచ్చిన చోట పని పేరు అదే, పని వేరు. 200 లేదా 400 కొసలు గల యంత్రంలో దారం మందాన్ని యంత్రమే పసిగట్టి కొత్త గూటిని అందిస్తుంది. కార్మికుడు కూర్చొని నిర్ణయించేవాడు కాక, నడుస్తూ లోపాలను సరిచేసేవాడు అవుతాడు. పాత బేసిన్ పని వివరణను ఇక్కడికి దిగుమతి చేస్తే శిక్షణంతా వృథా. ఇచ్చట పని నమూనాతో పాటు ఫ్లానగన్ 1954లో వివరించిన కీలక సంఘటనల పద్ధతి అవసరం. గత నెలలో యంత్రం ఆగిన సందర్భం, పట్టు వృథా అయిన సందర్భం, చేయి కాలిన సందర్భం ఒక్కొక్కటి తీసుకొని, ముందు ఏమి జరిగినది, కార్మికుడు ఏమి చేశాడు, ఫలితమేమి అని రాబట్టాలి. రోజువారీ పనిని ఈ పద్ధతి చూపదు. అరుదైనది, ఖరీదైనది మాత్రం దీనితోనే తెలుస్తుంది. గంటల తరబడి తడిలో నానే చేతుల చర్మ సమస్యలు, ప్యూపా వాసన, ఆవిరి మధ్య శ్వాస ఇబ్బంది సంఘటనలుగా గుర్తుండవు. వాటికి విడిగా ఆరోగ్య ప్రశ్నలు కావాలి.

పోలికకు పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం వంటి సంస్థలను తలచుకోవచ్చును. కార్ల జోడింపు వరుసలో ప్రతి స్థానానికీ లిఖిత పని విధానం ఉండటం సాధారణం. అక్కడ విశ్లేషకుడు పత్రాల పరిశీలనతో ఆరంభించి, పని వాటికి ఎంత దూరం జరిగినదో చూస్తే చాలు. చిన్న రీలింగ్ యూనిట్‌లో అట్టి పత్రమే ఉండదు. జాతీయ వృత్తుల వర్గీకరణ - 2015లోని వివరణలు తొలి చిత్తుకు ఉపకరిస్తాయి గాని స్థానిక పనికి ప్రత్యామ్నాయం కావు.

గూళ్ళు ఏరే పని విశ్లేషణ నుండి రైతు శిక్షణకు నేరుగా చేరే సమాచారాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించాలి. ఏరేవారు ఏ లోపాన్ని దేనితో గుర్తిస్తారో నమోదు చేసినట్లయితే, పండు పురుగులను చంద్రికపై కిక్కిరిసి వేసినందువలన ఏర్పడిన జంట గూళ్ళు ఎన్ని, చచ్చిన పురుగుల వలనా మూత్రం వలనా మరకలు పడినవి ఎన్ని అన్న లెక్కను గూళ్ళు పంపిన గ్రామానికి తిరిగి చెప్పవచ్చును. అందుకు గూళ్ళ లాటు ఏ రైతుదో గుర్తు నిలిచి ఉండాలి. మార్కెట్టులో కొన్న లాట్లను యూనిట్‌లో కలిపివేయక ముందే ఏరే బల్ల వద్ద పరిశీలన ముగించాలి.

సేకరించిన వివరణను యజమానికి ఇచ్చే ముందు ఆ పని చేసేవారికి వారి భాషలో చదివి వినిపించాలి. యజమాని లేని సమయంలో, కనీసం ఇద్దరు అనుభవజ్ఞుల ఎదుట ఇది జరగాలి. వారు “ఇది మేము చేయము” అన్నవాటిని కొట్టివేయకుండా, యజమాని మాటకూ వారి మాటకూ తేడాగా పక్కన నమోదు చేయాలి. శిక్షణకైనా కూలి శ్రేణికైనా విశ్లేషకుడు మరల వెళ్ళి పరిశీలించవలసినది ఆ తేడాలనే.