దిగులుపడిన మనస్సు

(చదువవలసిన భాగము: 1 రాజులు 19:1–18)

భయమును దిగులును ఒక్కటి కావు. భయమునకు ఎదుట ఏదో ఒకటి యుండును, పామున్నది, అప్పులవాడున్నాడు. దిగులునకు అట్టిదేదియు కనబడదు. ఏమైనదని యడిగినచో ఏమియు లేదని బదులు వచ్చును. ఆ మాట అబద్ధము కాదు. డెన్మార్కు దేశపు క్రైస్తవ తత్త్వవేత్త కీర్కెగార్డు 1844లో ప్రకటించిన గ్రంథములో ఈ భేదమునే చూపెను.

మన పెనుకొండవారికి ఇది తెలియని సంగతి కాదు. 2022 వరకు మనమున్న అనంతపురము జిల్లాలో ఏటికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశెనగ ఊడలు దిగువేళ వాన మొగము చాటువేసినచో మొదట పంటను గూర్చి భయము కలుగును. అది నెలల తరబడి నిలిచిన దిగులగును. అప్పుడు చేను మాత్రమే గాక ఇల్లు, బిడ్డలు, ప్రార్థన, సమస్తమును ఎండినట్లే తోచును. రంగు కంటద్దములు పెట్టుకొనినవానికి అద్దము కనబడదు. లోకమే ఆ రంగుగా నుండును.

ఏలీయాను చూడుడి. కర్మెలుమీద జయించినవాడు యెజెబెలు బెదిరింపు విని పారిపోయెను. అది భయము. బెయేర్షెబాలో దాసుని విడిచి, అరణ్యములో ఒంటరిగా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను. ప్రాణము దక్కించుకొన పరుగెత్తినవాడే చావు కోరుట వింత గాదా! అక్కడ భయము దిగులైనది. దేవుడతని గద్దింపలేదు. దూత రొట్టెయు నీళ్లును పెట్టెను, నిద్రపోనిచ్చెను, మరల లేపి పెట్టెను. ప్రశ్న వేసినది నలువది దినములు నడచి హోరేబు చేరిన తరువాతనే. తానొక్కడనే మిగిలితినని రెండుమారులు మొరపెట్టినవానికి ఏడువేలమంది యున్నారని తెలియజేసెను. తోడుగా ఎలీషాను చూపెను.

మనమైతే ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నాము. దిగులుపడినవారి యింట అడుగు పెట్టగానే విశ్వాసము చాలలేదందుము. ఇది క్రూరమని మా తలంపు. అన్నము తినెనా, రాత్రి కన్ను మూసెనా అని ముందు అడుగవలెను. చచ్చిన మేలని యెవరైన అన్నచో ఊరక అనుచున్నారని త్రోసివేయరాదు. సూటిగా అడుగుడి; అడిగినందున ఆ తలంపు పుట్టదు. ఆ యింటి పురుగుమందు డబ్బాను మన యింటికి తెచ్చి దాచి, ఆ రాత్రి అక్కడనే పండుకొనవలెను. రెండు వారములు నిద్రయు ఆకలియు లేక, ఏ పనిమీదను మనసు పోకున్నచో అది వ్యాధి కావచ్చును గనుక వైద్యునియొద్దకు తోడుకొని పోవలెను. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరునకు రాత్రియైనను పగలైనను రుసుము లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు.