కంప్యూటర్ వాయిస్తుంది, వినాల్సింది మీరే

పిల్ల మిడిల్ స్కూల్లో బ్యాండు తీసుకుని, క్లారినెట్ పెట్టె మోసుకుంటూ ఇంటికి వచ్చిన రోజున అమెరికాలోని చాలా తెలుగు ఇళ్ళలో ఒకటే ప్రశ్న: దీన్ని ఇంట్లో సాధన చేయించేదెవరు? సరళీ స్వరాలైతే అమ్మకో అమ్మమ్మకో ఎంతో కొంత తెలుసు. అయిదు గీతల మీద నల్లచుక్కలు చూస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ మాట పెగలదు. హైదరాబాదులోనో విశాఖలోనో ట్రినిటీ గ్రేడు పరీక్షలకు వయొలిన్ నేర్చుకునే పిల్లల ఇళ్ళలోనూ దాదాపు ఇదే పరిస్థితి. అలాంటప్పుడు ఎవరో ఒకరు మ్యూజ్‌స్కోర్ పేరు చెబుతారు. ఫైలు తెరిస్తే స్కోరు కనిపిస్తుంది, బొత్తం నొక్కితే వినిపిస్తుంది, మోగుతున్న స్వరం మీదుగా ఒక నీలి గీత జరుగుతూ పోతుంది. పిల్ల దానితో కలిసి వాయించడం మొదలుపెడుతుంది. హమ్మయ్య అనుకుని మనం వంటింట్లోకి వెళ్ళిపోతాం.

కనీసం మొదట్లోనైనా వెళ్ళకండి. ఆ ప్రోగ్రాం వాయిస్తుంది కానీ వినదు. పిల్ల ఒక బార్ (రెండు నిలువు గీతల మధ్య భాగం) వెనకబడినా, మధ్యలో ఆగి వేళ్ళు సర్దుకున్నా దాని దారిన అది పోతూనే ఉంటుంది. వినే పని ఇంకా ఇంట్లో మనుషులదే. అందుకు స్టాఫ్ నొటేషన్ రానక్కర్లేదు. రెండు శబ్దాలు కలిసి వస్తున్నాయా, ఒకదాని వెనక ఒకటి ఈడ్చుకుంటూ వస్తున్నాయా అన్నది సంగీతం రానివాళ్ళకు కూడా తెలుస్తుంది.

యంత్రంతో కలిసి వాయించడం కొత్త సంగతేమీ కాదు. ఒక వాద్యాన్ని వదిలేసి మిగతావన్నీ వాయించి పెట్టిన రికార్డులను న్యూయార్కులో మ్యూజిక్ మైనస్ వన్ అనే సంస్థ 1950లోనే మొదలుపెట్టింది. కానీ రికార్డును నెమ్మదిగా తిప్పితే శ్రుతి కూడా దిగిపోయేది. నొటేషన్ ప్రోగ్రాం దగ్గర ఉన్నది రికార్డు చేసిన పాట కాదు, రాసిన స్వరాలు. వాటిని అప్పటికప్పుడు మోగిస్తుంది కాబట్టి వేగం సగానికి తగ్గించినా శ్రుతి చెక్కుచెదరదు. దీనిలోని అసలు మేలంతా అక్కడే ఉంది, మనం ఎక్కువగా వాడుకోనిది కూడా అదే. నిమిషానికి 96 బీట్లు అని రాసి ఉన్న పాఠాన్ని పిల్ల మొదటి రోజే 96లో వాయించబోతుంది. వేగాన్ని 60 శాతానికి తగ్గించండి, అంటే సుమారు 58. చేయి తిరగని రెండు బార్లను మాత్రం లూప్‌లో పెట్టండి. మొదలయ్యే ముందు లెక్క వినిపించే కౌంట్-ఇన్ ఆన్ చేయండి. తడబాటు లేకుండా వచ్చాక అయిదేసి శాతం పెంచుకుంటూ పోవచ్చు. పిల్లలు దీనికి విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

డబ్బు విషయం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కంప్యూటర్లో వేసుకునే మ్యూజ్‌స్కోర్ స్టూడియో పూర్తిగా ఉచితం. దాదాపు అదే పేరుతో, జనం తాము రాసిన స్కోర్లను పెట్టుకునే వెబ్‌సైటు ఒకటి వేరే ఉంది, చందా అడిగేది అది. కార్డు నంబరు ఇచ్చే ముందు మీరున్నది ఎక్కడో చూసుకోండి. సిబెలియస్, డోరికో పూర్తి వెర్షన్లు పని మీద సంగీతం రాసేవాళ్ళకు, ఇంటి సాధనకు అక్కర్లేదు. ఫినాలే అనే ఇంకో ప్రోగ్రాం అమ్మకాన్ని 2024లో ఆపేశారు. టీచరు దగ్గర పాత ఫినాలే ఫైళ్ళుంటే మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి మార్చి ఇమ్మని అడగండి, అది దాదాపు అన్ని ప్రోగ్రాముల్లోనూ తెరుచుకుంటుంది. పీడీఎఫ్ మాత్రం బొమ్మే, దానికి నోరు లేదు. స్కాన్ చేసి మార్చుకున్న స్కోర్లలోనూ, ఎవరో రాసి పెట్టిన వాటిలోనూ షార్పులు, ఫ్లాట్లు తారుమారై ఉంటాయి. పిల్ల చేతికిచ్చే ముందు టీచరు పుస్తకంతో ఒకసారి పోల్చి చూడండి. గుర్తుల ఆకారాలు సరిపోతున్నాయో లేదో చూడడానికి ఆ గుర్తులు చదవడం రానక్కర్లేదు.

క్లారినెట్, శాక్సఫోన్, ట్రంపెట్ పిల్లలున్న ఇళ్ళలో ఒక చిక్కు వస్తుంది. బి ఫ్లాట్ క్లారినెట్ మీద 'సి' అని చదివి వాయిస్తే బయటికొచ్చేది బి ఫ్లాట్. ఆ వాద్యం తీరే అంత, స్కోరు కూడా దానికి తగ్గట్టే రాస్తారు. మ్యూజ్‌స్కోర్ తెర కింద 'కాన్సర్ట్ పిచ్' అని ఒక బొత్తం ఉంటుంది. పొరపాటున అది నొక్కుకుంటే స్కోరు మొత్తం అసలు శ్రుతిలోకి మారిపోతుంది. పిల్ల కనిపించింది కనిపించినట్టే వాయిస్తుంది, కంప్యూటర్‌తో మాత్రం ఏ స్వరమూ కలవదు. పాపం, తప్పు తనదే అనుకుంటుంది. నిన్నటిదాకా బాగా వచ్చిన పాఠం ఇవాళ మొదటి స్వరం నుంచి చివరిదాకా ఒకే తేడాతో తప్పుతుంటే ముందు ఆ బొత్తం చూడండి. వయొలిన్‌కు ఈ బెడద లేదు. దాన్ని మాత్రం కూర్చునే ముందే శ్రుతి చేసుకోవాలి, ఎందుకంటే ప్రోగ్రాం 'ఏ' స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పట్టుకుని కూర్చుంటుంది, మన తీగల కోసం అది దిగిరాదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఈ పనికి వద్దు. వాటిలో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది. సినిమా చూసేటప్పుడు తెలియదు గానీ, తెర మీది గీత ఒక చోట, చెవిలో స్వరం ఇంకో చోట ఉంటే తాళం పట్టుకోవడం పెద్దవాళ్ళకే కష్టం. తీగ ఉన్నవి వాడండి, అదీ ఒక చెవికే. రెండో చెవి తన వాద్యాన్ని వినాలి. తెర కంటి ఎత్తులో ఉండాలి. బల్ల మీద లాప్‌టాప్‌లోకి తొంగి చూస్తూ వాయించే పిల్లకు ముందు మెడ వంగుతుంది, తరవాత వయొలిన్ దిగుతుంది.

ఇక ఆ నీలి గీత. నాకు దాని మీద అంత నమ్మకం లేదు. నొటేషన్ చదవడం వచ్చినవాళ్ళ కన్ను వేళ్ళకంటే ఎప్పుడూ కొంచెం ముందుంటుంది. ఒక స్వరం మోగుతుండగానే చూపు తరవాతి బార్‌లోకి వెళ్ళిపోతుంది. గీత కన్నును మోగుతున్న స్వరానికే కట్టేస్తుంది. నెలల తరబడి అలా అలవాటుపడ్డ పిల్లకు స్కూలు కచేరీ రోజున కాగితం ముందు కూర్చుంటే ఎక్కడున్నానో తెలియదు. అందుకని కొన్నాళ్ళయ్యాక లాప్‌టాప్‌ను అటు తిప్పేయండి. శబ్దం దానిది, చదవడం కాగితం మీద. మిక్సర్‌లో కూడా కంప్యూటర్ సాయాన్ని మెల్లమెల్లగా తగ్గించవచ్చు. మొదట పిల్ల వాయించాల్సిన భాగం కూడా మోగనివ్వండి. కొన్నాళ్ళకు దాన్ని మ్యూట్ చేసి మిగతావాళ్ళను ఉంచండి. ఆ తరవాత మెట్రోనోమ్ ఒక్కటే. చివరికి అదీ వద్దు. పిల్ల లోపల్లోపలే లెక్కపెట్టుకోవడం మొదలయ్యేది ఆ నిశ్శబ్దంలోనే.

కొన్ని స్కూళ్ళు ఇచ్చే ప్రోగ్రాములు నిజంగానే వింటాయి. పిల్ల వాయించింది మైకులో పట్టి, సరైన స్వరానికి పచ్చ, తప్పుకు ఎరుపు వేస్తాయి. వాటికి తెలిసేది స్వరస్థానం, సమయం. విల్లు గీరుకుంటోందా, నాదం నిండుగా ఉందా అన్నది వాటి లెక్కలోకి రాదు. అందుకని ఎర్రచుక్కలు లెక్కపెట్టి పిల్లను నిలదీయకండి.

వారంలో అయిదు రోజులు స్కూలు ఆర్కెస్ట్రా, శనివారం కర్ణాటక సంగీతం ఉన్న పిల్లల సంగతి వేరు. స్కూల్లో వయొలిన్ తీగలు జి-డి-ఏ-ఇ. గురువుగారి దగ్గర అదే వాద్యాన్ని స-ప-స-పలకు మార్చుకుని, నేల మీద కూర్చుని వాయించాలి. ఆ శ్రుతితో కంప్యూటర్ ముందు కూర్చోవడం వృథా ప్రయాస. కృతులను స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించి, ప్రోగ్రాంతో కలిపి వాయించమనే తల్లిదండ్రులున్నారు. దయచేసి అది వద్దు. గమకం లేకుండా మోగే తోడి తోడి కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాల మీద గమకాలకు ప్రత్యేకంగా గుర్తులు వేశారు. అంత శ్రద్ధగా రాసిన దాన్ని కూడా గురువు నోట విననిదే వాయించలేం, తిన్నటి పియానో స్వరాలతో సరిపెట్టుకోగలమా? ఆ సాధనకు తంబూరా, తొడ మీద తాళం చాలు. ఒక్కటి మాత్రం సరదాగా చేయించవచ్చు. 'సి'ని షడ్జమం అనుకుని సరళీ స్వరాలను ప్రోగ్రాంలో రాయమనండి. డి, ఏ రెండూ ఫ్లాట్ అవుతాయి, ఆ స్వరాల రాగమైన మాయామాళవగౌళ స్కూల్లో వాయించే సి మేజర్‌తో ఎక్కడ విడిపోతుందో పిల్ల కళ్ళకు కడుతుంది.

నిజానికి ఈ ప్రోగ్రాముల్లో వాయించడం కంటే రాయడమే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం. పాఠంలోని ఎనిమిది బార్లు పిల్లను తనంతట తానే ఎక్కించనివ్వండి. నాలుగు బీట్ల బార్‌లో అయిదో బీటు పెట్టబోతే అది పక్క బార్‌లోకి పొర్లుతుంది, ఆ తరవాతవన్నీ జరిగిపోతాయి. రెండు బీట్లలో చుక్క పెట్టిన క్రాచెట్ పక్కన ఒక్క క్వేవరే ఎందుకు పడుతుందో టీచరు పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఇక్కడ ఒక్కసారికే ఎక్కుతుంది. తప్పు రాస్తే వెంటనే తప్పుగానే వినిపిస్తుంది, తిట్టేవాళ్ళెవరూ ఉండరు.

అలా రాసుకున్నవాటిలో రెండు వయొలిన్ల పాఠాలుంటే, రెండో భాగాన్ని ప్రింటు తీసి, మీ వీధిలోనో అపార్టుమెంటులోనో అదే వాద్యం నేర్చుకుంటున్న ఇంకో పిల్లకు ఇవ్వండి. ఆదివారం ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, లాప్‌టాప్ మాత్రం బయటికి తెచ్చేయండి. వన్ టూ త్రీ ఫోర్ ఎవరు చెప్పాలో వాళ్ళే తేల్చుకుంటారు.